ఇల్లు ఖాళీ చేయిస్తున్నవారికి జాగ్రత్త హెచ్చరిక: గంపగుత్త బేరానికి ఒప్పుకోకండి

ఏళ్ల తరబడి కాపురమున్న పెద్ద ఇంటిని వదిలి చిన్న ఇంటికి మారుతున్నవారు, ఆ పని కోసం ఇల్లు ఖాళీ చేసిపెట్టే సంస్థలను పిలవబోతున్నవారు, మాట ఇచ్చే ముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మా అమ్మ ఇంటిని ఖాళీ చేయించినప్పుడు అటువంటి ఒక సంస్థ చేతిలో పోయిన వస్తువుల్లో కొన్ని ఇక తిరిగి రావు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. వారి పద్ధతిని మాత్రం వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇదే పద్ధతిలో నడిచేవారు మీకూ తారసపడవచ్చు, అప్పుడు గుర్తుపట్టవలసింది పద్ధతినే.

ముందుగా చెప్పవలసిన మాట ఒకటుంది. వస్తువుకు వెల కట్టేవారు, దాన్ని కొనేవారు, పనికిరాదని పారవేసేవారు ఒక్కరే అయినచోట ఏ వస్తువుకూ న్యాయమైన వెల రాదు. వెల తక్కువ కడితే కొనడంలో లాభం వారిదే, పనికిరాదని తేల్చితే ఊరికే తీసుకుపోయే లాభమూ వారిదే, పైగా పారవేసినందుకు కూలి కూడా మన దగ్గరే వసూలు చేస్తారు. మాకు జరిగిన నష్టమంతా ఈ ఏర్పాటు నుంచే పుట్టింది.

ఇల్లు చూడడానికి వచ్చిన మనిషి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. “అమ్మగారూ” అంటూ అమ్మ వెంట గది గదికీ తిరిగాడు, అలమరలు తీయించి చూశాడు, ఏది ఎవరిదో, ఎప్పటిదో ఓపికగా అడిగి విన్నాడు, కానీ కాగితం మీద ఒక్క ముక్క రాసుకోలేదు. చివరకు ఇంటి సామానంతటికీ కలిపి గంపగుత్తగా ఒక మొత్తం చెప్పి, ఆ సాయంత్రంలోగా ఒప్పుకుంటేనే ఆ మాట నిలుస్తుందన్నాడు. ఇల్లు అప్పగించవలసిన గడువు దగ్గరపడిందన్న సంగతిని అతను మాటల మధ్యలో ముందే రాబట్టుకున్నాడు. మీ ఇంటికి ఎవరు వచ్చినా ఆ గడువు తేదీ మాత్రం చెప్పకండి. తొందర ఎవరిదో తెలిసిన క్షణం నుంచి బేరం అవతలివారి చేతిలోకి పోతుంది.

అతను ఆడిన అబద్ధాలు తక్కువ. సగం నిజాలే ఎక్కువ, మనం తడబడేదీ వాటి దగ్గరే. నాన్నగారి గోడ గడియారం అద్దం తలుపు తెరిచి, లోలకాన్ని వేలితో ఒకసారి కదిలించాడు. అది కాసేపు ఊగి ఆగిపోగానే “మిషన్ పోయిందండీ, కట్టె కిందే లెక్క” అని తేల్చేశాడు. కీ ఇవ్వని గడియారం లోలకం ఆగిపోవడంలో వింత లేదు. ఆ కీ గడియారం పెట్టె అడుగునే ఉంది. ఇటువంటి గడియారాలకు ముందు కీ ఇచ్చి, గోడకు నిటారుగా తగిలించి, లోలకం అటూ ఇటూ ఊగే చప్పుడు రెండు వైపులా సమానంగా వినపడేలా పెట్టెను కొద్దికొద్దిగా సర్ది చూడాలి. అప్పటికీ నడవకపోతే గడియారాలు బాగుచేసేవారికి చూపించాలి. అంతవరకు దాన్ని కట్టె అనే హక్కు ఎవరికీ లేదు.

వీడియో క్యాసెట్ల పెట్టె దగ్గర, వీటిని వేసే మిషన్లే ఇప్పుడు తయారు కావడం లేదు గనుక ఇవి చెత్తే అన్నాడు. మిషన్ల మాట నిజమే. వీసీఆర్‌లను చివరిదాకా తయారుచేస్తూ వచ్చిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జూలైలో ఉత్పత్తి ఆపివేసింది. అయితే పాత మిషన్లు ఇంకా పనిచేస్తున్నాయి, క్యాసెట్లలోని దృశ్యాలను డిజిటల్‌లోకి ఎక్కించి ఇచ్చేవారు ఉన్నారు. అయస్కాంతపు టేపు మీది ముద్ర ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడుతుంది కాబట్టి ఆ పని తొందరగా చేయించుకోవాలే తప్ప, క్యాసెట్లను చెత్త బండికి ఎక్కించడానికి అదొక కారణం కాదు.

అన్నింటికంటే నన్ను బాధపెట్టింది దంతపు పెట్టె విషయం. అది ఇంట్లో ఉంటే కేసవుతుందని అమ్మను భయపెట్టి, తాము గుట్టుగా తీసుకుపోతామన్నాడు. అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపు చేయడానికి దేశాలు కుదుర్చుకున్న సైటీస్ ఒప్పందం కింద, ఆసియా ఏనుగు దంతాల అంతర్జాతీయ వ్యాపారం మీద 1975 నుంచే ఆంక్షలు ఉన్నాయి. ఆఫ్రికా ఏనుగు దంతాల విషయంలో నిషేధానికి 1989లో నిర్ణయం తీసుకున్నారు. కానీ ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న పాత వస్తువును ఉంచుకోవడం, ఇవ్వడం, అమ్మడం గురించి ఒక్కో దేశంలో ఒక్కో చట్టం ఉంటుంది, దాన్ని అడిగి తెలుసుకోవలసింది మీ దేశపు వన్యప్రాణి విభాగం అధికారుల దగ్గర. చట్టానికి నిజంగా భయపడే మనిషి అటువంటి వస్తువును గుట్టుగా మోసుకుపోతానని అనడు. వయసు మళ్లినవారిని వారి ఇంట్లోనే కూర్చోబెట్టి కేసు పేరు చెప్పి బెదిరించడాన్ని నేను వ్యాపారం అనలేను.

నల్లబడిన చెంచాల కట్టను పూత సామానని చెప్పి ఇనుము కుప్పలో వేయించబోతే అన్నయ్య చూసి పక్కకు తీశాడు. వెండి గాలిలోని గంధకపు ఆవిరులతో కలిసి నల్లబడుతుంది, కాబట్టి నలుపును చూసి పూత అనుకోనక్కర్లేదు. భూతద్దంతో వెనకవైపు చూడండి. 925 అని ఉంటే నూటికి 92.5 పాళ్లు వెండి అని అర్థం, ఇ.పి.ఎన్.ఎస్. అనే అక్షరాలుంటే నికెల్ సిల్వర్ అనే మిశ్రలోహం మీద వెండి పూత వేశారని అర్థం. చిన్న అయస్కాంతం దగ్గర ఉంచుకోవడమూ మంచిదే. వెండి, రాగి, ఇత్తడి దానికి అంటుకోవు. అంటుకోనంత మాత్రాన వెండి అని తేలదు గానీ, అంటుకుంటే మాత్రం లోపల ఇనుము, ఉక్కు వంటి వేరే లోహం ఉన్నట్టు తేలిపోతుంది.

సామాను తీసుకుపోయే రోజు సంగతి వేరు. ఆ రోజు ఆ మర్యాదస్తుడు రాలేదు, ఇల్లు చూడని కొత్త మనుషులు వచ్చారు. విలువైన చెక్క సామాను, ఇత్తడి, రాగి మొదట బండికెక్కాయి. అవి ఎక్కి తాళ్లు బిగించాక వారి పెద్ద వచ్చి, బండి చాలదని, మనుషులు ఎక్కువ పట్టారని, పారవేసేచోట రుసుము కట్టాలని ఒక్కొక్కటే చెబుతూ ముందు ఒప్పుకున్న మొత్తంలో కోత పెట్టుకుంటూ వచ్చాడు. కాదంటే సామాను దింపేస్తామన్నాడు గానీ, గడువు ముంచుకొచ్చిన ఇంట్లో దింపించుకునేవారు ఎవరుంటారు? వెళ్లేటప్పుడు పరుపులు, పగిలిన వాష్‌బేసిన్, సగం వాడిన రంగు డబ్బాలు, పాత ట్యూబ్‌లైట్లు వదిలేసి వెళ్లారు. ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది, పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. వాటిని మామూలు చెత్తలో వేయకూడదు కాబట్టి వదిలించుకోవడానికి కష్టమైన సరుకంతా మాకే మిగిలింది.

మాతో తీసుకువెళ్లవలసిన వస్తువులను ఒక గదిలో పెట్టి, తలుపు మీద “ఇవి తీయవద్దు” అని పెద్ద అక్షరాలతో కాగితం అంటించాం. అమ్మ కుట్టుమిషన్ ఆ గదిలోదే, అదీ పోయింది. అడిగితే, గంపగుత్త అంటే ఇంట్లో ఉన్నదంతా అనే అర్థమని జవాబు. చేతిలో పెట్టిన రసీదులో “పాత సామాను” అన్న రెండు మాటలు తప్ప మరే వివరమూ లేదు. జాబితా ఎందుకు రాయలేదో మాకు అప్పుడు తెలిసింది.

ఆ రోజు అమ్మ రాసుకునే బల్ల దగ్గర జరిగినది రాయకుండా ఉండలేను. ఒక కుర్రాడు పై సొరుగును పూర్తిగా బయటకు లాగి, లోపలికి చూడకుండానే గోనెసంచిలోకి బోర్లించాడు. నాన్నగారి కళ్లజోడు, పట్టీ లేని చేతి గడియారం, ఫొటో నెగెటివ్‌ల కవరు, రబ్బరు బ్యాండు కరిగి కాగితానికి అంటుకుపోయిన ఉత్తరాల కట్ట వరసగా జారిపడ్డాయి. “ఆగు బాబూ, అవి మావి” అని అమ్మ అంటుండగానే వాటి మీద రెండో సొరుగు పడింది. గడియారం, కళ్లజోడు వెతికి తీయగలిగాం. ఉత్తరాలున్న సంచి అప్పటికే బండిలో అడుగుకు వెళ్లిపోయింది.

ఆ కాగితాలు ఎక్కడికి వెళ్లాయో తర్వాత తెలిసింది. రోడ్డు పక్కన చెత్తకుప్పలో మా చిరునామా ఉన్న బ్యాంకు కాగితాలు కనిపించాయని, ముక్కూమొహం తెలియని ఒకాయన శ్రమ తీసుకుని ఫోన్ చేసి చెప్పారు. పద్ధతి ప్రకారం పారవేయడానికి రుసుమని మా దగ్గర పట్టుకున్న డబ్బు ఏమైందో ఆ సంస్థ ఇంతవరకూ చెప్పలేదు.

పాత కంప్యూటర్ కూడా ఆ బండిలోనే వెళ్లింది. దాని గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఫైళ్లు తుడిచేశాం కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఫైలును తొలగించినా, త్వరగా ఫార్మాట్ చేసినా, సమాచారం ఎక్కడుందో చెప్పే పట్టిక మాత్రమే పోతుంది. సమాచారం డిస్కు మీద అలాగే ఉంటుంది, దాన్ని బయటకు తీసే సాఫ్ట్‌వేర్ ఎవరికైనా దొరుకుతుంది. డిస్కు అంతటి మీదా వేరే సమాచారం రాయించి పాతదాన్ని చెరపాలి, లేదా మరలు విప్పి హార్డ్ డిస్కును తీసి మీ దగ్గరే ఉంచుకోవాలి. వయసైనవారి ఇంట్లో రెండో పద్ధతే సులువు. డిస్కు లేని కంప్యూటర్‌ను ఎవరు తీసుకుపోయినా భయం లేదు. పాత ఫోన్లను కూడా సంచిలో వేయనివ్వకండి. ఉబ్బిన లిథియం బ్యాటరీ మీద బరువు పడి నలిగితే మంటలు లేచే ప్రమాదముంది.

మీకు నేను గట్టిగా చెప్పేది ఇది. సర్దుకునేటప్పుడు ఫొటోలు, ఉత్తరాలు చివరకు ఉంచుకోమని సాధారణంగా చెబుతారు, వాటి దగ్గర కూర్చుంటే పని సాగదు కాబట్టి. సర్దడం వరకు ఆ సలహా మంచిదే. కానీ బయటివారు సామాను మోయడానికి ఇంట్లో అడుగుపెట్టే ముందు అన్నిటికంటే ముందుగా ఇల్లు దాటవలసినవి అవే. ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చనక్కర్లేదు, చదవనక్కర్లేదు. ఫొటోలు, ఉత్తరాలు, దస్తావేజులు, బ్యాంకు కాగితాలు, క్యాసెట్లు, డిస్కులు అన్నీ పెట్టెల్లో వేసి బంధువుల ఇంటికో కొత్త ఇంటికో చేర్చేయండి. సొరుగులన్నీ బయటకు లాగి అడుగు భాగమూ వెనక సందూ చూడండి, పుస్తకాలను పేజీలు కిందికి వేలాడేలా పట్టుకుని దులపండి, పాత కోట్ల జేబులు తడమండి. పెద్దవారు డబ్బు, నగలు, ముఖ్యమైన కాగితాలు దాచేది ఇటువంటి చోట్లే, ఎక్కడ దాచారో వారికే గుర్తుండకపోవచ్చు.

ఇక మిగిలిన సామాను విషయంలో వెల కట్టడం, అమ్మడం, పారవేయించడం అనే మూడు పనులనూ మూడు చేతుల్లో పెట్టండి. వెల చెప్పడానికి రుసుము తీసుకుని, ఆ వస్తువును తాను కొననని ముందే చెప్పేవారిని పిలవండి. ఆ రుసుము దండగ అనిపించవచ్చు, కానీ గంపగుత్తలో పోయేదానితో పోలిస్తే అది ఎప్పుడూ తక్కువే అని నా నమ్మకం. అమ్మదలచినవి అమ్మేసి, ఇవ్వదలచినవి ఇచ్చేశాక మిగిలిన నిజమైన చెత్తకు మాత్రమే ఇల్లు ఖాళీ చేసేవారిని పిలవండి. అప్పుడు కూడా గది గదికీ జాబితా, ఫొటోలు ఉండాలి. తీయకూడని వస్తువుల పేర్లు, కూలి, రుసుములతో కలిపి చివరి మొత్తం, వదిలేసి వెళ్లకూడదన్న షరతు, ఎక్కడ పారవేస్తారన్న వివరం కాగితం మీద ఉండి, రెండు వైపులా సంతకాలు ఉండాలి. వారు ఇవ్వవలసిన డబ్బు మొదటి వస్తువు బండి ఎక్కకముందే చేతికి రావాలి. ఉంచుకోవలసిన గదికి కాగితం చాలదు, తాళం వేయండి. ఇంటివారిలో ఒకరు లోపల, ఒకరు బండి దగ్గర నిలబడి ఉండాలి. ఈ షరతుల్లో దేనికైనా “మామీద నమ్మకం లేదా అండీ” అనే జవాబు వస్తే బేరం అక్కడితో ఆపేయండి.

ఇప్పటికే ఇటువంటివారి చేతిలో పడి ఉంటే, పోయిన వస్తువుల జాబితాను ఉన్న ఫొటోలతో కలిపి రాతపూర్వకంగా ఆ సంస్థకు పంపి, ఎక్కడ అమ్మారో అడగండి. ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకండి. కంప్యూటర్ గానీ ఫోన్ గానీ పోయి ఉంటే అందులో వాడిన పాస్‌వర్డ్‌లన్నీ ఆ రోజే మార్చండి. బ్యాంకు కాగితాలు పోయి ఉంటే బ్యాంకుకు తెలియజేయండి. తీయకూడదని చెప్పిన వస్తువును తీసుకుపోయి ఉంటే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి, వినియోగదారుల ఫిర్యాదులు స్వీకరించే అధికారుల వద్దకూ వెళ్లండి. కుట్టుమిషన్ వంటి వాటి మీద తయారీదారు వేసిన వరుస సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య ఏ పాత ఫొటోలోనైనా, కొన్ననాటి కాగితంలోనైనా దొరికితే దాన్ని ఫిర్యాదులో తప్పకుండా రాయండి, ఆ మిషన్ మీదేనని చూపడానికి అంతకంటే గట్టి ఆధారం దొరకడం కష్టం. మేమూ ఇప్పుడు ఆ కాగితం కోసమే వెతుకుతున్నాం.