అత్తయ్యతో ఖుర్దా నీళ్ళ పార్కుకి

మా అత్తయ్య పుట్టిందీ పెరిగిందీ బరంపురంలోనే. గోపాలపురం సముద్రం మా ఇంటికి 16 కిలోమీటర్లు. అయినా ఈ 68 ఏళ్ళలో ఆవిడ ఆ అలల్లోకి చీలమండలు దాటి దిగలేదు. అక్కడ ఒడ్డు ఒక్కసారిగా లోతైపోతుంది. వెనక్కి మళ్ళే నీరు కాళ్ళ కింద ఇసకతో సహా మనిషిని లాగేస్తుంది. అందుకే పిల్లలు ఖుర్దా దగ్గర వండర్‌లా పార్కుకి వెళ్దామని గొడవ మొదలెట్టగానే, అత్తయ్య కూడా రావాల్సిందేనని నేను పట్టుబట్టాను.

జాతీయ రహదారి 16 మీద కార్లో మూడు గంటల ప్రయాణం. రైల్లో వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి: ఖుర్దా రోడ్ జంక్షన్ ఖుర్దా ఊళ్ళో లేదు, జట్నిలో ఉంది. అక్కణ్ణుంచి మళ్ళీ బండి మాట్లాడుకోవాలి. పెద్దవాళ్ళు వెంట ఉంటే ఇంటి దగ్గర్నుంచే కారు మేలు.

ముందురోజు రాత్రి బస విషయంలో మాత్రం పొరపాటు చేశాం. చవకగా దొరికిందని ఒక లాడ్జి తీసుకున్నాం. లిఫ్టు లేదు, గది మూడో అంతస్తులో. వేడినీళ్ళు ఎప్పుడూ ఉంటాయని చెప్పి, పొద్దున్నే ఐదుగురికీ కలిపి ఒక్క బకెట్టు పంపారు. అత్తయ్య మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగుతుంటే నాకు ప్రాణం చివుక్కుమంది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు గది ఏ అంతస్తులో ఉందో అడిగాకే డబ్బు కట్టండి.

ఇక పార్కు సంగతి. మన దేశంలో ఇలాంటి వినోదశాలలకి దారి వేసినవాటిలో ఢిల్లీ అప్పూఘర్ ఒకటి. 1982 ఆసియా క్రీడల చిహ్నమైన ఏనుగు పిల్ల అప్పు పేరుతో 1984లో తెరిచారు. ముంబైలో ఎస్సెల్ వరల్డ్ 1989లో వస్తే, దాని పక్కనే నీళ్ళ ఆటల కోసం వాటర్ కింగ్‌డమ్‌ని 1998లో పెట్టారు. వండర్‌లా కథ కేరళలో మొదలైంది. మన ఇళ్ళలో ఫ్రిజ్‌ పక్కన ఉండే వీగార్డ్ స్టెబిలైజర్ ఉందే, ఆ కంపెనీ పెట్టిన కొచౌసెఫ్ చిట్టిలప్పిళ్ళి 2000లో కొచ్చి దగ్గర వీగాలాండ్ తెరిచారు. అదే ఇప్పటి కొచ్చి వండర్‌లా. తర్వాత 2005లో బెంగళూరు, 2016లో హైదరాబాదు, 2024లో మన ఒడిశా. ఒకే టిక్కెట్టు మీద పొడి ఆటలూ నీళ్ళ ఆటలూ రెండూ ఆడుకోవచ్చు.

నీళ్ళలోకి చీరతో, నూలు బట్టలతో దిగనివ్వరు. నైలాన్, పాలిస్టర్ బట్టలే వేసుకోవాలి. నూలు పోగులు ఊడి, నీటిని వడకట్టే యంత్రాల్లో చిక్కుకుంటాయి. తడిసిన చీర కాళ్ళకి చుట్టుకుంటే మనిషికీ ప్రమాదమే. మాది పట్టు నేసిన ఇల్లు. నైలాన్ గుడ్డ ఒంటిమీద పడనిచ్చే మనిషి కాదు అత్తయ్య. బడాబజార్లో కొన్న ముదురు నీలం జత, మోకాళ్ళ కింది దాకా ఉన్నది, బట్టలు మార్చుకునే గదిలో ఆవిడ చేతికిచ్చాను. రెండు వేళ్ళతో అంచు నలిపి చూసి, "పోగే లేదు దీనికి" అన్నారు. మారు మాట్లాడకుండా వేసుకొచ్చారు.

ఉదయం పిల్లలు తిరుగుడు ఆటల్లో మునిగిపోయారు. వాటి గురించి ఎక్కువ చెప్పలేను, నాకు కళ్ళు తిరుగుతాయి. మా మనసంతా అలల కొలను మీదే. సాధారణంగా ఇలాంటి కొలనుల్లో లోతు వైపు గోడ వెనక గదులుంటాయి. పెద్ద ఫ్యాన్లు వాటిలోకి గాలి కొట్టి నీటిని కిందకి నొక్కితే, ఆ నీరు బయటికి తన్నుకొచ్చి అలవుతుంది. ఒడ్డు వైపు నేల మెల్లగా ఎత్తవుతుంది కాబట్టి అల అక్కడికొచ్చేసరికి చల్లారిపోతుంది. విజిల్ మోగింది. మొదటి అల వస్తుంటే అత్తయ్య నా మణికట్టు గాజులతో సహా గట్టిగా పట్టుకున్నారు. నీరు నడుము దాకా లేచి, దిగింది. ఆవిడ కిందకి చూసుకున్నారు.

"ఇసక లాగట్లేదేటే!"

"అడుగున సిమెంటు అత్తయ్యా, ఏం లాగుతుంది?"

తర్వాతి అలకి చెయ్యి వదిలేశారు. నాలుగో దానికి మా అమ్మాయిని పిలిచి, "నా పక్కన నిలబడవే, భయపడకు" అన్నారు. గొంతులో ఆ ధైర్యం నేను ఇదివరకెప్పుడూ వినలేదు. పక్కన ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఒకావిడ చీర కొంగు తలమీద కప్పుకుని గట్టునే కూర్చుంది. అత్తయ్య ఆవిడకి తెలుగులో, పక్కనున్న కోడలికి ఒడియాలో, ఆ నైలాన్ బట్టలు ఎక్కడ కొన్నామో చెప్తూనే ఉన్నారు.

పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు జారుడు గొట్టాల జోలికి పోకుండా సగం రోజు ఈ కొలనుకే ఉంచుకోండి.

తిరుగు దారిలో బర్కుల్‌లో ఒడిశా పర్యాటక సంస్థ వారి బస, పంథనివాస్‌లో దిగాం. ఎదురుగా చిలికా సరస్సు. డబ్బు కొంచెం ఎక్కువైనా ముందురోజే ఇక్కడ దిగి, పొద్దున్నే ఖుర్దా వెళ్ళాల్సింది. రాత్రి రొయ్యల కూర, అన్నం. అత్తయ్య తింటూ మధ్యలో ఆగి, నీళ్ళలో నాని ముడతలు పడ్డ తన వేళ్ళు చూసుకుంటున్నారు.

ఇంటికొచ్చాక ఆ నీలం జత తనే ఉతికి, నీడన ఆరేసి, మడత పెట్టి పట్టుచీరల పెట్టెలో దాచుకున్నారు.