పాత కారు అడుగున తుప్పు: పెద్దపాడు దగ్గరి టింకరింగ్ షెడ్డు పనిపై సమీక్ష

కారు అడుగున తుప్పు పట్టిందని తీసుకెళ్తే దాన్ని కప్పి పంపేవారు ఎక్కువ, విప్పి చూసేవారు తక్కువ. శ్రీకాకుళం నుంచి పెద్దపాడు వైపు, జాతీయ రహదారికి కాస్త లోపలగా ఉన్న ఒక టింకరింగ్ షెడ్డు ఈ రెండో కోవకు చెందినది. 2009 మోడల్ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్‌కు పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు తీరుతున్న సమయంలో, మరో ఐదేళ్లకు పునరుద్ధరించుకునే ముందు, దాని ఫ్లోరు, తలుపుల కింద పొడవునా పెట్టెలా ఉండే రెండు రన్నింగ్ బోర్డులు, వెనక చక్రాల పైభాగం అక్కడే బాగుచేయించాను. ఒక వానాకాలం గడిచాక కారును మళ్లీ పైకి ఎత్తించి, చేసిన చోటల్లా చేత్తో తడిమి చూసిన తరువాతే ఈ మాటలు రాస్తున్నాను. పని గట్టిగా ఉంది. మెచ్చుకోలేని విషయాలు కూడా కొన్ని ఉన్నాయి, వాటిని దాచను.

మా ఊరు గార మండలంలో, కళింగపట్నం తీరానికి దగ్గరలో ఉంటుంది. ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. భోగాపురం, పూసపాటిరేగ మండలాల మీదుగా విజయనగరం తీరం దాన్ని ఆనుకుని సాగుతుంది. ఈ పొడవునా ఉన్న ఊళ్లలో కార్ల పైభాగం నిగనిగలాడుతూనే ఉంటుంది, అడుగు మాత్రం వయసుకు మించి పాడై ఉంటుంది. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, గాలిలోని ఆక్సిజన్ చాలు. ఉప్పు చేరితే ఆ నీటికి విద్యుత్తును మోసే శక్తి పెరిగి, తుప్పు పట్టే వేగం పెరుగుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, సముద్రపు ఉప్పు ఎండినట్లు కనిపించినా నిజంగా ఎండదు. మనం తినే ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటినప్పుడు దాన్ని పీల్చుకుని కరుగుతుంది; సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్ అయితే సుమారు 33 శాతం తేమకే ఆ పని చేస్తుంది. అందువల్ల వాన లేని రోజుల్లో, షెడ్డులో నిలిపి ఉంచిన కారుకు కూడా రాత్రంతా అడుగు చెమ్మగానే ఉంటుంది. నౌపడ ఉప్పు మడుల వైపు రోజూ తిరిగే బండ్లను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

దీనికి మన మట్టి తోడవుతుంది. ఖరీఫ్ దమ్ముల కాలంలో ట్రాక్టర్లు రోడ్డు మీదికి తెచ్చే బురద చక్రాల గూళ్లలోకి ఎగిరి, అంచు మడతల్లో పేరుకుపోతుంది. రన్నింగ్ బోర్డుల అడుగున నీరు కారిపోవడానికి కంపెనీవారు వదిలిన చిన్న రంధ్రాలు ఆ మట్టితో మూసుకుపోతే, తలుపుల మీదుగా దిగిన వాననీరు ఆ పెట్టె లోపలే నిలిచిపోతుంది. అక్కడ తుప్పు లోపలినుంచి బయటికి వస్తుంది. రంగు మీద చిన్న పొక్కు కనిపించే సమయానికి వెనక రేకు చాలావరకు తినేసి ఉంటుంది. రెండు రేకులు కలిసే అతుకుల్లో పరిస్థితి ఇంకా కష్టం. తుప్పు తాను తినేసిన ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, ఆ ఒత్తిడికే రెండు రేకులను కలిపి పట్టి ఉంచే స్పాట్ వెల్డింగులు విడిపోతాయి.

ఈ షెడ్డులో నాకు మొదట నచ్చింది పరీక్ష చేసిన తీరు. ధర చెప్పడానికి ముందే కారును లిఫ్టు మీద ఎత్తి, నీళ్ల ఒత్తిడితో అడుగంతా కడిగి, ఆరిన తరువాత మేస్త్రీ చిన్న సుత్తితో, మొద్దు స్క్రూడ్రైవరుతో ముందునుంచి వెనక్కి ఒక్కో అడుగూ తట్టుకుంటూ వచ్చారు. గట్టి రేకు మోగుతుంది, తుప్పు తిన్న రేకు చప్పగా పలుకుతుంది. సందేహం ఉన్న ప్రతిచోటా సుద్దతో గుండ్రంగా గీశారు. లోపల సీట్లు విప్పి, కార్పెట్ ఎత్తి, డ్రైవరు కాళ్ల దగ్గర పైనుంచి కూడా చూశారు. ఇంత శ్రమ ఎందుకని నేను అడగలేదు గాని ఆయనే చెప్పారు: “కింద నల్లగా ఉంటే సరిపోదు బాబూ, దాని ఎనకాల ఇనుము ఉందో నేదో సూడాల.”

ఆ మాట ఎంత నిజమో వెంటనే తేలింది. నేను కొనేనాటికే ఈ కారు అడుగున దట్టమైన నల్లని రబ్బరు పూత ఉంది. అంతకుముందున్న యజమాని మరెక్కడో వేయించినది అది. చూడటానికి ఎక్కడా పగులు లేదు. గీకుడు కత్తి పెట్టి ఒక మూల లేపగానే ఆ పూత తుప్పు పొరలను అంటించుకుని అప్పడంలా పెద్ద ముక్కగా ఊడి వచ్చింది. దాని వెనక రేకు వేలితో నొక్కితే లోపలికి పోయేలా ఉంది. పట్టిన తుప్పును తీయకుండా, తడి ఆరకుండా వేసే పూత రేకును కాపాడదు. అది తేమను, ఉప్పును లోపలే బంధించి ఉంచుతుంది. ఎక్కడో ఒక రాయి తగిలి చిన్న చిల్లు పడితే కొత్త నీరు లోపలికి పోతుంది, పాత నీరు బయటికి రాదు. కారును శుభ్రంగా చూపించడానికి మాత్రమే ఇలాంటి పూత వేసేవారు చేస్తున్నది చాలా పెద్ద తప్పని నేను భావిస్తున్నాను. సెకండ్ హ్యాండ్‌లో కొనేవారికి ఆ నలుపు ధైర్యం ఇస్తుంది, ఆ ధైర్యానికి కింద ఆధారం ఉండదు.

కోత, వెల్డింగు విషయానికి వస్తే, ఇక్కడి పని నేను చూసిన వాటన్నిటిలో జాగ్రత్తగా జరిగింది. తిన్న రేకును మంచి రేకు కనిపించేవరకు కోసి తీశారు. తుప్పు మీదే ముక్క అతికించి, చుట్టూ పుట్టీ పూసి, నున్నగా రుద్ది ఇచ్చే పద్ధతి ఇక్కడ లేదు. ఫ్లోరుకు 20 గేజ్ రేకు, అంటే ఇంచుమించు 0.9 మిల్లీమీటర్ల మందం ఉన్నది, వాడారు. రన్నింగ్ బోర్డు అడుగున జాకీ ఆనే అంచుకు మాత్రం అంతకంటే మందమైన 18 గేజ్ వేశారు. కారు బరువు ఎత్తే చోటు అది. టైరు మార్చబోతే జాకీ రేకును చీల్చుకుని లోపలికి దిగిపోవడం తీరప్రాంతపు పాత కార్లలో ఉన్నదే. వెల్డింగును కూడా గ్యాసు మంటతో కాకుండా, విద్యుత్తుతో అతికే సీఓటూ యంత్రంతో చేశారు. గ్యాసు మంట పలుచని రేకును చాలా దూరం వేడెక్కించి వంకరలు తెస్తుంది, చుట్టూ మిగిలి ఉన్న జింకు పూతను కాల్చేస్తుంది. సీఓటూలోనూ వేడి ఉంటుంది కాని తక్కువ మేరకే పరిమితమవుతుంది. ఒకేచోట గీత లాగకుండా, ఇక్కడొక చుక్క అక్కడొక చుక్క వేసుకుంటూ, రేకు చల్లబడే వ్యవధి ఇచ్చి అతుకు పూర్తి చేశారు. మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగలు విప్పారు, పెట్రోలు ట్యాంకు దింపి షెడ్డు బయట పెట్టించారు.

ట్యాంకు దింపినప్పుడు బయటపడ్డ ఒక విషయం ఈ షెడ్డు పట్ల నా గౌరవాన్ని పెంచింది. ఫ్లోరు కింద నుంచి వెనక చక్రాలకు వెళ్లే ఇనుప బ్రేకు పైపు, దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు దగ్గర తుప్పు పట్టి ఉబ్బి ఉంది. క్లిప్పు వెనక మట్టి, ఉప్పు నిలిచి ఉండటం వల్ల పైపులను సాధారణంగా అక్కడే ముందు తుప్పు తింటుంది. ఇప్పటి కార్లలో బ్రేకు వ్యవస్థ రెండు విడి భాగాలుగా ఉంటుంది కనుక ఒక పైపు పగిలినా బ్రేకులు పూర్తిగా పోవు; అయినా పట్టు సగానికి పడిపోతుంది, పెడల్ లోతుగా దిగిపోతుంది. టింకరింగు పనికి వచ్చిన కారులో బ్రేకు పైపు వారి బాధ్యత కాదు. చూసీ చూడనట్లు వదిలేయవచ్చు. మేస్త్రీ నన్ను పిలిచి చూపించి, పైపు మార్చేదాకా బండి బయటికి ఇవ్వనని చెప్పి, తెలిసిన బ్రేకు మెకానిక్‌ను అక్కడికే రప్పించారు. ఆ పనికి తన కమిషన్ అంటూ ఏమీ వేసుకోలేదు.

వెల్డింగు తరువాతి దశలు కూడా వరుస తప్పలేదు. మిగిలిన పైపై తుప్పును వైర్ బ్రష్‌తో గీకి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు ద్రావణం పూసి, అది తుప్పును నల్లని ఫాస్ఫేటు పొరగా మార్చేవరకు ఆగి, కడిగి ఆరబెట్టారు. ఈ ద్రావణాల మీద కొందరు పెట్టుకునే ఆశ ఎక్కువ. అవి ఉన్న తుప్పును స్థిరపరుస్తాయి తప్ప పోయిన ఇనుమును తిరిగి తేలేవు, కనుక చిల్లు పడిన చోట వాటితో ప్రయోజనం లేదు. దానిమీద రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమరు, అతుకుల మీద సీలెంటు, చివరగా రబ్బరు పూత వేశారు. సైలెన్సరుకు, కదిలే భాగాలకు, నీరు కారే రంధ్రాలకు పూత అంటకుండా కాగితాలు, టేపు అంటించడం మరచిపోలేదు. పూత వేసేవారి తొందరలో ఆ రంధ్రాలు మూసుకుపోతే ఇంత పనీ వృథా అవుతుంది.

ఇక లోపాలు. మొదటిది, రన్నింగ్ బోర్డుల లోపలి భాగం. బయటినుంచి వెల్డింగు చేసినప్పుడు వెనక వైపు ఉన్న పాత రంగు, జింకు కాలిపోతాయి. మళ్లీ తుప్పు మొదలయ్యేది ఆ కాలిన గీత దగ్గరే. అక్కడికి చేరాలంటే నలువైపులా చిమ్మే ముక్కు ఉన్న పొడవాటి గొట్టంతో లోపలికి మైనం కలిసిన పూత కొట్టాలి. ఈ షెడ్డులో ఆ గొట్టం లేదు. మామూలు గన్నునే రంధ్రం దగ్గర ఆనించి కొట్టారు. రెండు చివర్లకు పూత అందినట్లు చూడగలిగాను, మధ్యభాగానికి అందిందని నాకు నమ్మకం కుదరలేదు. బయట ఇంత శ్రద్ధగా చేసినవారు ఈ చిన్న పరికరం కొనకపోవడం నాకు నిజంగా బాధ కలిగించింది, ఎందుకంటే ఐదేళ్లు నిలవాల్సిన పనిని మూడేళ్లకు తగ్గించగలిగేది అదొక్కటే.

రెండోది, అగ్ని భద్రత. ట్యాంకు దింపడం మంచిదే గాని, వెల్డింగు పక్కన ఉన్నవి తడిపిన గోనెసంచి, బకెట్టు నీళ్లు మాత్రమే. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట పాకుతుంది; మంటలార్పే పొడి ఉన్న సిలిండరు ఒకటి గోడకు తగిలించి ఉండాలి. అక్కడ పనిచేసే కుర్రవాళ్లకు గ్రైండరు దగ్గర కళ్లద్దాలు కూడా లేవు. ఇది యజమాని ఈ రోజే సరిచేయవలసిన విషయం.

మూడోది, లెక్క. అయిన మొత్తం ముప్పై వేలకు కాస్త తక్కువ. చేసిన పనికి అది ఎక్కువని నేను అనను. అయితే బిల్లు మీద ఒకే అంకె రాసి ఇచ్చారు. ఎక్కడ ఎంత రేకు మార్చారు, ఏ పూత వాడారు అన్నది కాగితం మీద ఉంటే, రేపు కారు అమ్మేటప్పుడు కొనేవారికి చూపించవచ్చు. పని జరుగుతుండగా ఫోటోలు వాట్సాప్‌లో పంపినందువల్ల నాకు ఆధారం మిగిలింది. చెప్పిన సమయం కంటే ఆలస్యమైంది కూడా. ప్రైమరు ఆరనిదే పూత వేయనన్నారు కనుక ఆ ఆలస్యాన్ని నేను తప్పు పట్టను.

ప్రతి పాత కారుకూ ఈ ఖర్చు తగదు. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెంచారు. దానికి బీమా, టైర్లు కలుపుకుంటే, తుప్పు పనికి ముందే యజమాని చేతి నుంచి చాలా డబ్బు పోతుంది. ఫ్లోరును, రన్నింగ్ బోర్డులను మాత్రమే తుప్పు తిన్న కారును బాగుచేయించుకోవడం న్యాయమే. సస్పెన్షన్ బిగించే చోట్లను, ఇంజనును మోసే ముందరి దూలాలను తుప్పు తిన్నదంటే లెక్క మారుతుంది. ప్రమాదంలో దెబ్బను తీసుకుని నలిగి మనిషిని కాపాడవలసినవి ఆ దూలాలే. షెడ్డులో అతికిన ముక్క అసలు దూలంలా నలుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. నేను ఉన్న సమయంలోనే సోంపేట వైపు నుంచి వచ్చిన ఒక పాత కారుకు మేస్త్రీ పని ఒప్పుకోలేదు. షాక్ అబ్జార్బరు పైభాగం బిగించే గూడును తుప్పు తినేసి ఉంది. “దీని మీద డబ్బు పెట్టొద్దు అన్నా” అని యజమానికి నేరుగా చెప్పి, పరీక్ష చేసినందుకు రూపాయి కూడా తీసుకోకుండా పంపించారు.

వెళ్లదలచినవారు ఫిబ్రవరి నుంచి మే లోపు వెళ్లడం మంచిది. వానలు మొదలయ్యాక గాలిలో చెమ్మ వల్ల ప్రైమరు సరిగా పట్టదు, అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను హెచ్చరిక వస్తే షెడ్డు పనే ఆగిపోతుంది. బండి ఇచ్చేటప్పుడే మూడు విషయాలు అడగండి: పాత పూత పూర్తిగా గీకిన తరువాత, వెల్డింగుకు ముందు, మిమ్మల్ని పిలిచి చూపించాలని, రన్నింగ్ బోర్డుల లోపల మైనం పూత కొట్టే గొట్టం బయటినుంచి అయినా తెప్పించాలని, మార్చిన ప్రతి ముక్క బిల్లులో విడిగా రాయాలని. మొదటిదానికి వారు వెంటనే ఒప్పుకుంటారు. మిగతా రెండింటికీ కాస్త పట్టుబట్టవలసి ఉంటుంది.