సోనోమా రేసు, కార్నెరోస్ వైన్లు: ఇద్దరికి 25 అడుగుల అద్దె ఆర్‌వీ ఎంతవరకు పనికొస్తుంది?

రేసులూ వైనరీలూ ఒకే ప్రయాణంలో చూసి రావాలనుకునే జంటకు కాలిఫోర్నియాలో సోనోమా రేస్‌వే అంత అనువైన చోటు ఇంకోటి లేదు. 37, 121 హైవేలు కలిసే సియర్స్ పాయింట్ దగ్గర, కొండవాలు మీద ఉంటుంది ట్రాక్. గేటు బయటికొచ్చి 121 మీద ఉత్తరానికి తిరిగితే కార్నెరోస్ ద్రాక్షతోటలు మొదలవుతాయి. రామ్స్ గేట్ దాదాపు ఎదురుగానే ఉంది. వియాన్సా, క్లైన్ కాస్త పైకి. అదే దారిలో ఇంకా ముందుకెళ్తే గ్లోరియా ఫెరర్. శాన్‌ఫ్రాన్సిస్కో బే చుట్టూ ఉన్న ఫ్రీమాంట్, సన్నీవేల్, డబ్లిన్‌లలో ఉండే తెలుగువాళ్ళకు ఇది రెండు గంటల లోపు దూరం. కాకపోతే రేసు రోజున ఆ లెక్క చెల్లదు.

ఈ సమీక్ష అలాంటి వారాంతానికి ఎక్కువమంది తీసుకునే 25 అడుగుల క్లాస్ సి (వ్యాను ఛాసిస్ మీద కట్టిన మధ్యరకం) అద్దె ఆర్‌వీ గురించి, అంటే లోపలే మంచం, వంటగది, టాయిలెట్ ఉండే ఇల్లులాంటి బండి గురించి. తీర్పు ముందే చెప్పేస్తాం. ట్రాక్ పక్కన నిలిపి ఉంచుకునే ఇల్లుగా అయిదుకు నాలుగున్నర. వైనరీలు తిరిగే బండిగా అయిదుకు రెండు. ఈ తేడా తెలియక బండిని రెండు పనులకూ వాడబోయినవాళ్ళకే డబ్బూ సరదా రెండూ పోతాయి.

అద్దెకిచ్చే క్లాస్ సి బళ్ళు చాలావరకు ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మీద కట్టినవి. 2020 తర్వాతి మోడళ్ళలో 7.3 లీటర్ల వీ8 ఇంజిన్ ఉంటుంది. లాగుడుకు ఢోకా లేదు, తాగుడు మాత్రం గట్టిగానే ఉంటుంది: గ్యాలన్‌కు 8 నుంచి 10 మైళ్ళు. నడపడానికి ప్రత్యేక లైసెన్సు అక్కర్లేదు, మామూలు కారు లైసెన్సు చాలు. కారు అలవాటు ఉన్నవాళ్ళకు కష్టమనిపించేది పొడవు కాదు, వెనక చక్రాల తర్వాత ఇంకా మిగిలి ఉండే భాగం. స్టీరింగ్ కుడికి పూర్తిగా తిప్పితే తోక ఎడమకు రెండు మూడు అడుగులు బయటికి ఊడ్చుకుపోతుంది. గ్యాస్ బంకులో పంపు పక్కనుంచి బయటికొచ్చేటప్పుడు దెబ్బతినేది ఆ మూలే. పంపు దాటి బండి సగం ముందుకు వచ్చేదాకా స్టీరింగ్ తిప్పకూడదు. ఎత్తు 11 నుంచి 12 అడుగులు. బండి తీసుకునేటప్పుడు కచ్చితమైన ఎత్తు అడిగి, అంకె కాగితం మీద రాసి డ్రైవరు కళ్ళెదుట అంటించుకోవాలి.

అద్దెబండి అప్పగించేటప్పుడు సాధారణంగా అరగంటలో అన్నీ గడగడా చూపించేస్తారు. ఆ అరగంటలో మొదట అడగాల్సింది ఫ్రిజ్ గురించి. ఈ ప్రయాణానికి అదే ప్రాణం.

ఆర్‌వీ ఫ్రిజ్‌లు రెండు రకాలు. పాతరకం ప్రొపేన్ గ్యాస్ మంట మీద నడిచేది. దానికి కరెంటు అవసరం నామమాత్రం. బండి మట్టంగా ఉండాలి, చల్లబడటానికి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పడుతుంది, అంతే. కొత్త బళ్ళలో 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ వస్తోంది. త్వరగా చల్లబడుతుంది, ఒరుగులో నిలిపినా పనిచేస్తుంది, కానీ బ్యాటరీలోంచి రోజుకు 60, 70 ఆంప్-అవర్లు (బ్యాటరీలో నిల్వ ఉండే కరెంటు కొలత) లాగేస్తుంది. అద్దెబండిలో మామూలుగా ఉండేది ఒకటో రెండో లెడ్-యాసిడ్ బ్యాటరీలు. రెండున్నాయనుకుంటే మొత్తం 200 ఆంప్-అవర్లు, అందులో పాడవకుండా వాడుకోగలిగేది సగం. రేస్ క్యాంపింగ్‌లో ఎక్కువ స్థలాలకు కరెంటు కనెక్షన్ ఉండదు. బే మీంచి వచ్చే గాలికి రాత్రిళ్ళు చలేస్తుంది, హీటరు వేస్తారు. హీటరుకు మంట ప్రొపేనుదే అయినా ఫ్యాను బ్యాటరీది, గంటకు 7, 8 ఆంప్-అవర్లు. రాత్రి మొత్తం మీద నాలుగు గంటలు తిరిగినా 30 ఆంప్-అవర్లు పోతాయి. దీనికి కంప్రెసర్ ఫ్రిజ్ తోడైతే తెల్లవారుజామున వోల్టేజ్ పడిపోయి హీటరు ఆగుతుంది, నీళ్ళ పంపు మూలుగుతుంది, కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీ తక్కువైందని కీచుమంటుంది. బండి పాడైందని ఆ వేళప్పుడు అద్దె సంస్థకు ఫోన్ చేసేవాళ్ళు చాలామందే. నిజానికి ఏదీ పాడవదు, లెక్క తప్పుతుంది అంతే. ప్రొపేన్ ఫ్రిజ్ ఉన్న బండి దొరికితే కళ్ళు మూసుకుని అదే తీసుకోండి. కంప్రెసర్ ఫ్రిజ్ తప్పదంటే పైన సోలార్ ప్యానెల్ ఉందో లేదో చూడండి, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు జనరేటరు వేయాల్సి వస్తుందని ముందే అనుకోండి.

జనరేటరు చాలా బళ్ళలో 4000 వాట్లది. సగం లోడు మీద గంటకు అరగ్యాలన్ తాగుతుంది, అదీ బండి పెట్రోలు ట్యాంకులోంచే. ట్యాంకు పావువంతుకు దిగితే జనరేటరు తనంతట తానే ఆగిపోతుంది. ఇంటికి వెళ్ళడానికి ఇంధనం మిగలాలని అలా పైపు అమర్చుతారు. కాబట్టి ట్రాక్‌కు వచ్చేముందు వయేహో (Vallejo) ఊరి పరిసరాల్లో ట్యాంకు నింపుకుని రావాలి. ఇంకో సంగతి: రేస్ క్యాంపులో బళ్ళు పక్కపక్కనే ఆనుకుని ఉంటాయి. మీ జనరేటరు పొగ పక్కవాళ్ళ కిటికీలోకి పోతుందేమో, వాళ్ళది మీ మంచం వైపు వస్తుందేమో దిగి చూడండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. జనరేటరు నడుస్తుండగా పడుకోవద్దు.

మన వంట సంగతి విడిగా చెప్పాలి. ఇండక్షన్ పొయ్యి 1800 వాట్లు, అంటే 15 ఆంప్స్. పైకప్పు ఏసీ 13 నుంచి 15. బ్యాటరీ ఛార్జరు ఇంకొన్ని. ఆర్‌వీ కనెక్షన్ మొత్తం 30 ఆంప్స్ కాబట్టి ఏసీ వేసుకుని ఇండక్షన్ మీద పప్పు పెడితే బ్రేకరు పడిపోవడం ఖాయం. ప్రొపేన్ పొయ్యి మీద మూడు లీటర్ల కుక్కరు హాయిగా కూర్చుంటుంది, అదే మేలు. తాలింపు మాత్రం బండిలోపల పెట్టొద్దు. ఎండుమిరపకాయలు వేగగానే స్మోక్ అలారం మోగుతుంది, చిన్న గది కనుక ఆ ఘాటు పరుపులకు పట్టి శుభ్రత ఛార్జీ కింద బిల్లులో తేలుతుంది. పోపు ఇంట్లోనే వేసి సీసాలో తెచ్చుకోండి. పులిహోర పులుసు, కందిపొడి, ఆవకాయ, మజ్జిగ ఉంటే మూడు రోజులు గడిచిపోతాయి. మిక్సీ జనరేటరు నడిచే వేళల్లోనే తిరుగుతుంది, కాబట్టి పచ్చళ్ళు కూడా ముందే.

నీళ్ళ లెక్క ఇద్దరికి సరిపోతుంది, ఒళ్ళు దగ్గర పెట్టుకుంటే. ఇలాంటి బళ్ళలో మంచినీళ్ళు 40 గ్యాలన్ల దాకా, స్నానం, సింకు నీళ్ళు చేరే గ్రే ట్యాంకు 30 గ్యాలన్ల దాకా. ముందు నిండేది గ్రే ట్యాంకే. ఒళ్ళు తడుపుకుని, నీళ్ళు కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్ళీ తిప్పితే మనిషికి మూడు గ్యాలన్లు చాలు. ఇద్దరికి మూడు రోజులకు 18. గిన్నెలకు రోజుకు రెండు చొప్పున ఆరు. బియ్యం కడిగిన నీళ్ళు, నూనె జిడ్డు సింకులో పోయొద్దు. గిన్నెలు ముందు పేపర్ టవల్‌తో తుడిచి కడగాలి. లేకపోతే ట్యాంకు సెన్సర్లకు జిడ్డు పట్టి, ఖాళీగా ఉన్నా నిండినట్టు చూపిస్తాయి. ఇంతకుముందు తీసుకున్నవాళ్ళ జిడ్డు ఉంటుంది కనుక ఆ దీపాలను మామూలుగానే నమ్మకూడదు. బండి తీసుకునేటప్పుడు గ్రే ట్యాంకూ, టాయిలెట్ మురుగు చేరే బ్లాక్ ట్యాంకూ రెండూ ఖాళీ చేసే ఇచ్చారా అని అడగండి, టాయిలెట్‌లో టార్చ్ వేసి చూసుకోండి.

ఇక ట్రాక్. 1968లో మొదలైంది. పూర్తి సర్క్యూట్ 2.52 మైళ్ళు, 12 మలుపులు, ఎత్తుపల్లాల తేడా 160 అడుగులు. నాస్కార్ కప్ (అమెరికా స్టాక్ కార్ రేసుల పెద్ద సిరీస్) బళ్ళు ఇప్పుడు కేరౌసెల్ మలుపును వదిలేసి అడ్డదారిలో, 1.99 మైళ్ళ సర్క్యూట్ మీద 110 ల్యాపులు తిరుగుతాయి. అంటే దాదాపు 350 కిలోమీటర్లు, ‘టొయోటా/సేవ్ మార్ట్ 350’ అనే రేసు పేరులోని 350 అదే. కొండ మీద కట్టిన ట్రాక్ కావడం చూసేవాళ్ళకు పెద్ద వరం. చదునైన ఓవల్ ట్రాక్‌లలోలా కాక, ఇక్కడ ఒక్కచోట నిలబడి రెండు మూడు మలుపులు చూడొచ్చు. ఓవర్‌టేకులు చూడాలంటే 11వ మలుపు: దాదాపు వెనక్కి తిరిగే ఇరుకు వంపు, గట్టిగా బ్రేకులు వేసేదీ, బంపర్లు తగిలేదీ అక్కడే. డ్రైవరు చేతిపని చూడాలంటే 2, 3 మలుపుల కొండవైపు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు క్వాలిఫయింగ్ (రేసులో ఎవరు ఏ స్థానంలో మొదలవాలో తేల్చే పరుగు) రోజున కొండవైపు, రేసు రోజున 11 దగ్గర చూడటం మా సలహా. ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు తప్పనిసరి. పొద్దున మంచు, చలి. మధ్యాహ్నానికి నీడలేని ఎండ. మూడింటికల్లా బే గాలి. స్టాండ్స్‌కు వెళ్ళేముందు ఆర్‌వీ పక్కగోడకు బిగించి ఉండే పందిరిగుడ్డ (ఆనింగ్) మడిచి లోపలికి తోసేయాలి. గాలికి అది లేచిందంటే దాని కడ్డీలు వంగిపోయి గోడనుంచి ఊడి వస్తుంది. అద్దెబళ్ళలో మనుషులు డిపాజిట్ పోగొట్టుకునే కారణాల్లో అది ముందుంటుంది.

వైనరీల దగ్గర రెండు మార్కులే ఎందుకంటే: చాలా వైనరీల దారి ఇరుకు, ఓక్ కొమ్మలు తక్కువ ఎత్తులో ఉంటాయి, పార్కింగులో తిప్పుకోవడానికి చోటుండదు. టూరిస్టు బస్సు తిరిగే చోట ఈ బండీ తిరుగుతుంది, కాబట్టి ఫోన్ చేసి ఆ ఒక్క ప్రశ్నే అడగండి. ఓక్‌విల్ గ్రేడ్ లాంటి కొండదారుల్లో నాపాకు అడ్డంగా వెళ్ళాలని ఫోన్ మ్యాపు చెప్పినా వినొద్దు; 12/121 మీద చుట్టు తిరిగి వెళ్ళడమే సరి. ట్రాక్‌కు దగ్గరి వైనరీలకు ఆర్‌వీని క్యాంపులో వదిలి టాక్సీ యాప్ బండి ఎక్కడం ఉత్తమం. 121 మీద బండ్ల వేగానికి సైకిలు వద్దు. ఇవన్నీ గురువారమో శుక్రవారమో పూర్తిచేయాలి. ఆదివారం సాయంత్రం టాక్సీ దొరకదు, దొరికినా కదలదు.

కార్నెరోస్ ప్రత్యేకత షార్డొనే, పీనో న్వార్ అనే ద్రాక్షరకాలు. బే మీంచి వచ్చే మంచూ గాలీ ద్రాక్షను నెమ్మదిగా పండిస్తాయి కనుక పులుపు నిలుస్తుంది. అందుకే బుడగల వైన్లు ఇక్కడ బాగా కుదురుతాయి. ఫ్రాన్సులో షాంపేన్ చేసే టాటాంజే (Taittinger) కుటుంబం 1987లో డొమైన్ కార్నెరోస్ పెట్టింది ఈ నేలను చూసే. పులిహోరతోనూ ఉప్పుకారం తగిలిన జీడిపప్పుతోనూ బ్రూట్ (తీపి లేని బుడగల వైను) చక్కగా పోతుంది. ఆవకాయ దగ్గరికి మాత్రం ఏ ఎర్రవైనునూ తేవద్దు, కారానికి ఆల్కహాలు మంట పెంచుతుంది. ఒక్కో టేస్టింగులో నాలుగైదు వైన్లు, మొత్తం ఒక గ్లాసుకు పైనే అవుతుంది. రోజుకు రెండు వైనరీలు దాటితే నాలుకకు తేడా తెలియదు. బండి నడపాల్సినవాళ్ళు ఉమ్మే పాత్ర అడిగి తీసుకోండి, అక్కడ అది మర్యాదే. సగం తాగిన సీసా బిరడా బిగించినా చట్టం దృష్టిలో తెరిచినదే, డ్రైవరు దగ్గర పెట్టకుండా వెనక సామాను అరలో పెట్టాలి. కొన్న సీసాలను ఎండ తగిలే బయటి అరలోనో వాటర్ హీటరు పక్కనో కాక, డైనింగ్ బెంచీ కింద తువ్వాళ్ళలో చుట్టి పడుకోబెట్టండి. మూసిన ఆర్‌వీ ఎండలో వేడెక్కితే బిరడా పైకి తోసుకొస్తుంది, వైను ఉడికిన పండులా తయారవుతుంది.

వైనరీలోనే రాత్రి ఉండాలనిపిస్తే హార్వెస్ట్ హోస్ట్స్ అనే సభ్యత్వ పథకం ఉంది. ఒక రాత్రి ఉండనిస్తారు, బదులుగా ఏదో ఒకటి కొనడం మర్యాద. కరెంటు, నీళ్ళు ఆశించకూడదు, టేస్టింగు గది మూసేలోపే చేరాలి. పైన చెప్పిన బ్యాటరీ లెక్క ఇక్కడా వర్తిస్తుంది.

బ్యాటరీ తలనొప్పి అసలే వద్దనుకునేవాళ్ళు మాంటరే దగ్గరి లగూనా సెకా చూడండి. ట్రాక్ చుట్టూ ఉన్న కౌంటీ పార్కులోనే క్యాంపులు, కొన్నింటికి కరెంటు ఉంటుంది. 59 అడుగులు జారిపడే కార్క్‌స్క్రూ మలుపుకు నడిచి వెళ్ళొచ్చు. కార్మెల్ వ్యాలీ ఊళ్ళో టేస్టింగు గదులు ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి, నడిచి తిరగడమే. అక్కడికి అడ్డదారి లారెలెస్ గ్రేడ్ బాగా నిటారు, ఆర్‌వీతో వద్దు.

సోనోమానుంచి తిరుగుప్రయాణం సోమవారం పొద్దున పెట్టుకోండి, అప్పటిదాకా ఉండనిస్తారో లేదో టికెట్ మీద చూసుకుని. సియర్స్ పాయింట్ నుంచి వయేహో వైపు 37 మీద ఒక్కో వైపు ఒక్కటే లేను, మధ్యలో కాంక్రీటు గోడ. ఆదివారం జనమంతా ఒకేసారి బయటపడితే వెనక్కి తిరిగే వీలుండదు. బండి అప్పగించేముందు ఏ ఆర్‌వీ పార్కులోనో డబ్బు కట్టి ట్యాంకులు వదిలించుకోండి: ముందు బ్లాక్, తర్వాత గ్రే, సబ్బునీళ్ళతో గొట్టం కడిగినట్టవుతుంది. ట్యాంకులు వదిలించకుండా ఇస్తే వేసే ఛార్జీ, ఆర్‌వీ పార్కు రుసుముకన్నా మామూలుగా ఎక్కువే. జనరేటరు గంటల మీటరు, మైళ్ళ మీటరు, పెట్రోలు ముల్లు మూడింటికీ తీసుకునేటప్పుడొకటి, ఇచ్చేటప్పుడొకటి ఫోటో తీసి ఉంచుకోండి.