తిమింగలాల సమాచారానికి ఐయూసీఎన్ రెడ్ లిస్ట్ వెబ్‌సైట్: ఒక సమీక్ష

తిమింగలాలు, డాల్ఫిన్లలో ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో, ఆ ప్రమాదం ఎటు నుంచి వస్తోందో తెలుసుకోదలచినవారికి, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ప్రచురించే జీవజాతుల ప్రమాద జాబితా అయిన రెడ్ లిస్ట్‌ను మించిన ఉచిత వెబ్‌సైట్ నాకు కనబడలేదు. అయితే పేజీ పైభాగాన ఉండే ప్రమాద స్థాయిని మాత్రమే చూసి వెనుదిరిగేవారికి ఇది సగం సంగతే చెబుతుంది. అసలు విలువంతా కింద ఉండే ‘ముప్పులు’ అనే విభాగంలోనే ఉంది.

మెక్సికోలోని కాలిఫోర్నియా సింధుశాఖలో తప్ప మరెక్కడా కనిపించని, డాల్ఫిన్‌ను పోలిన వాకీటా అనే జీవి పేజీనే తీసుకుందాం. ఈ చిన్న జీవిని ఎవరూ కావాలని వేటాడరు. గాలితిత్తి కోసం దొంగచాటుగా పట్టే టొటోఆబా అనే చేపకు వేసిన గిల్‌నెట్ వలల్లో చిక్కుకొని, ఊపిరి తీసుకునేందుకు పైకి రాలేక చనిపోతూ, ఇప్పుడది పదుల సంఖ్యలో కూడా లేని స్థితికి చేరింది. ఉత్తర అట్లాంటిక్ రైట్ తిమింగలం కథ వేరు: వేట ఆగి దశాబ్దాలు గడిచినా, ఓడలు ఢీకొనడం వల్ల, పీతలకూ లాబ్‌స్టర్లకూ పెట్టే బోనుల తాళ్లు ఒంటికి చుట్టుకోవడం వల్ల వాటి సంఖ్య నాలుగు వందల లోపుకు పడిపోయింది. వేట ఆపితే చాలునన్న పాత నమ్మకం ఎంత పొరపాటో ఈ రెండు పేజీలు చదివితే అర్థమవుతుంది.

చైనాలోని యాంగ్జీ నది డాల్ఫిన్ అయిన బైజీ విషయంలో ఈ జాబితా చూపిన జాగ్రత్త నాకు నచ్చింది. 2006లో జరిగిన విస్తృత సర్వేలో ఒక్కటీ కనబడకపోయినా, దానిని అంతరించిన జాతిగా ప్రకటించక ‘బహుశా అంతరించినది’ అన్న గుర్తుతో అత్యంత ప్రమాదకర స్థాయిలోనే ఉంచారు.

లోపాలు లేకపోలేదు. మొత్తం జాతికి ఒకే స్థాయి ఇవ్వడంతో కొన్ని స్థానిక సమూహాల దుస్థితి మరుగున పడుతుంది. బెలూగా తిమింగలానికి పెద్దగా ప్రమాదం లేదని జాతి పేజీ చెబుతుండగా, అలాస్కాలోని కుక్ ఇన్‌లెట్ సమూహం మాత్రం అంతరించే అంచున ఉంది. హంప్‌బ్యాక్ తిమింగలం విషయంలోనూ అరేబియా సముద్రపు సమూహానిది ఇదే తీరు. ఈ సమూహాలకు వేరే పేజీలు ఉన్నాయి గానీ, ఉన్నాయని తెలిసినవారే వెతుకుతారు. ఓర్కాకైతే (కిల్లర్ వేల్) ‘సమాచారం చాలదు’ అన్నదే సమాధానం; నిజాయితీ గల జవాబే, కానీ చదువరికి చేతికేమీ అందదు.

కొన్ని మదింపులు ఏళ్ల నాటివి కావడంతో, అంకెను వాడుకునే ముందు పక్కనున్న సంవత్సరాన్ని తప్పక చూడాలి. వివరణలు దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే, అదీ శాస్త్రవేత్తల భాషలో, ఉండటం మనబోటి పాఠకులకు మరో ఇబ్బంది. విద్యార్థులూ విలేకరులూ దీనిని నిస్సంకోచంగా వాడుకోవచ్చు. మ్యాపుల డేటాను వ్యాపారానికి వాడదలచినవారు మాత్రం ముందుగా అనుమతి తీసుకోవలసి ఉంటుంది.