భీమవరంలో కారు ఆడియో మరమ్మతు: మీటరు పెట్టి చూశాకే మాట చెప్పే దుకాణం

కారులో ఆడియో సెట్ మొరాయించినప్పుడు మన వైపు చాలా దుకాణాల్లో మొదట వినిపించేది "కొత్తది వేసేద్దామండి" అన్న మాటే. భీమవరం నుంచి పాలకొల్లు వెళ్లే రోడ్డులో ఉన్న ఒక చిన్న ఆటో ఎలక్ట్రికల్ షెడ్డులో మాత్రం ఆ మాటకు ముందు మల్టీమీటరు బయటికి వస్తుంది. ఈ సమీక్ష రాయడానికి ప్రధాన కారణం అదే.

మా కారులో రెండు లోపాలు ఉండేవి. ఇంజను స్టార్టు చేయగానే స్పీకర్లలో సన్నని కూత మొదలై, యాక్సిలరేటరు తొక్కేకొద్దీ హెచ్చేది. బండిని మూడు నాలుగు రోజులు కదపకపోతే బ్యాటరీ పూర్తిగా దిగిపోయేది. యాంప్లిఫయరు (పాట శబ్దాన్ని పెంచి స్పీకర్లకు పంపే పెట్టె) బిగించిన మరో ఊరి దుకాణం వారు యాంప్లిఫయరూ డైనమో (బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటరు) రెండూ మార్చాలని తేల్చేశారు. బండిని చూసింది మాత్రం అయిదు నిమిషాలే.

ఈ షెడ్డులోని ఎలక్ట్రీషియను బ్యాటరీ దగ్గర మొదలుపెట్టారు. ఇంజను ఆపినప్పుడు 12.5 వోల్టులు, నడుస్తున్నప్పుడు 14.2 వోల్టులు వచ్చాయి. మామూలు ఆల్టర్నేటరు ఉన్న బండికి 13.8 నుంచి 14.4 వరకు ఉంటే ఛార్జింగు బాగున్నట్టే. మీటరును ఏసీ వోల్టేజి కొలతకు మార్చి చూసినా చెప్పుకోదగ్గ వోల్టేజి కనిపించలేదు కనుక ఆల్టర్నేటరు లోపల ఏసీని డీసీగా మార్చే డయోడ్ల మీద అనుమానం కూడా తీరింది. తర్వాత యాంప్లిఫయరుకు వచ్చే ఆర్‌సీఏ వైర్లు (సెట్ నుంచి పాట సంకేతం తెచ్చేవి) పీకి ఇంజను నడిపితే కూత పూర్తిగా ఆగిపోయింది. అంటే యాంప్లిఫయరులో దోషం లేదు, రొద ఆ వైర్ల వెంట వస్తోంది. పాటలు గట్టిగా మోగుతుండగా యాంప్లిఫయరు ఎర్త్ (కరెంటు తిరిగి వెళ్లేందుకు బండి బాడీకి బిగించే వైరు) నుంచి బ్యాటరీ నెగటివ్ వరకు కొలిచినప్పుడు అసలు విషయం బయటపడింది: 0.1 వోల్టుకు మించకూడని చోట 0.6 వోల్టులు చూపించింది.

మొదటి దుకాణం వారు ఎర్త్ వైరును సీటు బోల్టుకు, పెయింటు గీకకుండా బిగించారు. పైగా దాని లగ్గుకు (వైరు చివర బోల్టుకు బిగించే లోహపు ముక్కకు) పచ్చగా చిలుము పట్టింది. ఎర్త్ సరిగా అందని యాంప్లిఫయరు కరెంటులో కొంత భాగం ఆర్‌సీఏ వైరు పై తొడుగు గుండా సెట్ వైపు దారి వెతుక్కుంటుంది. ఆల్టర్నేటరు రొద పాటలో కలిసేది అక్కడే. నరసాపురం, అంతర్వేది వైపు తిరిగే బండ్లకూ, చెరువుల గట్ల మీద రాత్రంతా నిలిచి ఉండే బండ్లకూ ఉప్పుగాలి వల్ల ఈ చిలుము మరింత తొందరగా పడుతుంది కనుక, డెల్టాలో కారు ఆడియో పెట్టించుకునేవారు ఎవరైనా ముందుగా చూపించుకోవలసింది ఎర్త్‌నే అని నా గట్టి అభిప్రాయం. ఎలక్ట్రీషియను రేకు మెరిసేదాకా గీకి, పొట్టి మందపాటి వైరుతో కొత్త లగ్గు బిగించి, పైన గ్రీజు పూశారు. కూత పోయింది.

బ్యాటరీ దిగిపోవడం వేరే కథ. నెగటివ్ టెర్మినల్ విప్పి మధ్యలో అమ్మీటరు కలిపి, తలుపులన్నీ మూసి, బండిలోని కంప్యూటర్లు నిద్రపోయేవరకు దాదాపు అరగంట ఆగారు. ఈ ఓపిక చాలామందికి ఉండదు. తొందరపడి చూస్తే మంచి బండి కూడా ఎక్కువ కరెంటు లాగుతున్నట్టే కనిపిస్తుంది. సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్లలోపు ఉండవలసింది మా బండిలో 400 చూపించింది. యాంప్లిఫయరు ఫ్యూజు తీయగానే పడిపోయింది. సెట్ వెలిగినప్పుడే యాంప్లిఫయరును లేపవలసిన నీలం-తెలుపు వైరును, ఎప్పుడూ కరెంటు ఉండే పసుపు వైరుకు మొదటి దుకాణం వారు కలిపేశారు. ఆ లెక్కన రోజుకు సుమారు 10 ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నాలుగు రోజులు కూడా తట్టుకోలేదు.

అడగకుండానే ఆయన పట్టుబట్టి చేసిన పని ఇంకొకటి ఉంది: బ్యాటరీ దగ్గర ఫ్యూజు బిగించడం. బ్యాటరీ నుంచి వెనక్కి వెళ్లే పవర్ కేబులుకు ఆ చివర అసలు ఫ్యూజే లేదు. యాంప్లిఫయరుకు ఉన్న ఫ్యూజు యాంప్లిఫయరు వరకే. దారిలో కేబులు ఒరుసుకొని బాడీకి తగిలితే దాన్ని ఆపేది బ్యాటరీకి అడుగున్నర లోపు ఉండే ఫ్యూజు ఒక్కటే. అది లేకపోతే నిప్పు అంటుకోవచ్చు. ఇలాంటి బండిని ఇంటిల్లిపాదీ ఎక్కే బండిగా అప్పగించిన మొదటి దుకాణం పనితనాన్ని నేను క్షమించలేను.

లోపాలు కూడా చెప్పాలి. తలుపులలోని స్పీకరు వైర్ల అతుకులకు ఇక్కడ కూడా మొదట టేపే చుట్టారు. మన ఎండకు ఆ జిగురు కరిగిపోతుంది, వానకు లోపలికి తడి చేరుతుంది. నేను కోరిన తర్వాతే సోల్డరు చేసి హీట్ ష్రింక్ గొట్టాలు (వేడి చేస్తే ముడుచుకుని వైరును పట్టుకునేవి) తొడిగారు. అమ్మే కేబుళ్లలో అసలు రాగివీ, రాగి పూత పూసిన అల్యూమినియంవీ పక్కపక్కనే ఉంటాయి. రెండవదానికి నిరోధం ఎక్కువ, చెమ్మకు తొందరగా పాడవుతుంది. అడిగితే నిజమే చెబుతారు, కానీ అడగాలి. కొలతలను బిల్లు మీద రాసివ్వరు.

నా దగ్గర తీసుకున్న కూలి 800 రూపాయలు, ఫ్యూజు, వైర్ల ఖరీదు అదనం. బ్యాటరీ పరీక్షకు సమయం పడుతుంది కనుక ఉదయమే వెళ్లండి, సెట్‌తో వచ్చిన వైరింగు కాగితం ఉంటే వెంట తీసుకెళ్లండి.