రిపోర్టుకు ముందు రాసే ప్రపోజల్: చాలాకాలం వాడాక నా సమీక్ష

ఆఫీసులో ఒక మెషిన్ కొనాలన్నా, ఉన్న పద్ధతి మార్చాలన్నా చివరికి ఎవరో ఒకరు సిఫార్సు రిపోర్టు రాయాలి. దానికంటే ముందు "ఈ విషయం పరిశీలిస్తాను, అనుమతి, కొంత సమయం, కొంత ఖర్చు ఇవ్వండి" అని పైవాళ్లను అడిగే కాగితం ఒకటుంది. అదే ఇంటర్నల్ ప్రపోజల్. టెక్నికల్ కమ్యూనికేషన్ పాఠాల్లో నేర్పే పద్ధతే ఇది: ఉద్దేశం, సమస్య, చూడబోయే ప్రత్యామ్నాయాలు, వాటిని తూచే ప్రమాణాలు, చేయాల్సిన పనులు, షెడ్యూల్, ఖర్చు. రెండు పేజీలకు మించదు. అనంతపురం పక్కన వేరుశనగ కాయ కొని, ఒలిచి, గ్రేడింగ్ చేసి పప్పు అమ్మే మిల్లులో పనిచేస్తూ ఏళ్లుగా దీన్ని వాడుతున్నాను.

అన్నిటికంటే నాకు పనికొచ్చింది ప్రమాణాల భాగం. కొటేషన్లు చేతికి రాకముందే దేన్నిబట్టి నిర్ణయిస్తామో రాసి, ఓనరుగారి సంతకం తీసుకోవడం. మిగతా భాగాల్లో కొన్ని బాగానే ఉన్నాయి, కొన్ని మా పనికి సరిపోవు. ఈ ఒక్కటి మాత్రం మా మిల్లులో మాట్లాడుకునే తీరునే మార్చింది.

ఎలాగో ఒక ఉదాహరణ చెప్తాను. ఖరీఫ్ చెనక్కాయ మా దగ్గరికి అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది. సరిగ్గా అప్పుడే వాన పడితే కళ్లంలో కాయ ఆరదు. తేమ ఎక్కువున్న కాయను గోదాములో పెడితే బూజు పడుతుంది. ఆ బూజుల్లో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే రకం అఫ్లటాక్సిన్ విషాన్ని పుట్టిస్తుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అందుకే గేటు దగ్గర తేమ చూసి ధరలో తరుగు తీస్తారు. అప్పట్లో మా దగ్గర చూసేదేమో చేత్తోనే. కాయను చెవి దగ్గర పెట్టి ఆడిస్తారు. లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. తర్వాత ఒలిచి పంటితో కొరికి చూస్తారు. రద్దీ రోజున ఇద్దరు చూస్తే రెండు మాటలు. ఆ తేడా మొత్తం రైతు జేబులోంచే పోతుంది. ఇది నాకు మొదటి నుంచీ మనసుకు నచ్చని విషయం.

ఇక్కడ ప్రపోజల్ మొదటి వాక్యం ఎలా రాస్తామన్నది చాలా ముఖ్యం. "తేమ మీటర్ కొనాలి" అని రాస్తే అది ప్రపోజల్ కాదు, ఇండెంట్, అంటే ఫలానాది కొనిపెట్టమని అడిగే చీటీ. జవాబు ముందే రాసేసుకుంటే ఇక పరిశీలించేది ఏముంటుంది? నేను రాసింది ఇది: "గేటు దగ్గర కాయ తేమను రైతు కళ్ల ముందే, నమ్మకంగా చూడటానికి మనకు ఏ పద్ధతి సరిపోతుందో తేల్చడానికి మూడు వారాల గడువు కోరుతున్నాను." చూడబోయే పద్ధతులు నాలుగు: చేతి మీటర్, ఓవెన్, బయటి ల్యాబుకు శాంపిల్ పంపడం, అప్పటికున్న చేతి అంచనా. ఈ నాలుగోదాన్ని ఎప్పుడూ వదలకండి. ఉన్న పద్ధతిని కూడా మిగతావాటితో సమానంగా నిలబెట్టి చూస్తేనే పోలికకు అర్థం.

దాన్ని చేర్చడం వల్ల ఇంకో మేలు జరిగింది. మా దగ్గర కాయ చూసే పెద్దాయన ఈ సంగతి విని చిన్నబుచ్చుకున్నాడు. "ఏమప్పా, ఇన్నేళ్లు నేను చూసిందంతా తప్పేనా?" అన్నాడు. "అట్లెందుకు అనుకుంటావు మామా, నీ చెయ్యిని కూడా ఓవెన్‌తో పోల్చి చూస్తాం, కాగితంలో రాసినాను చూడు" అని ఆ పేజీ చదివి వినిపించాను. ఆ తర్వాత శాంపిళ్లు తీసిపెట్టింది ఆయనే. బాగా ఎండిన కాయల్లో ఆయన అంచనా ఓవెన్‌కు చాలా దగ్గరగా వచ్చింది. పచ్చి మీదున్న లాట్లలోనే తేడా కనపడింది. రిపోర్టులో ఆ రెండు మాటలూ రాశాను.

ఓవెన్ లెక్క తెలియనివాళ్ల కోసం: 100 గ్రాముల శాంపిల్ తూచి, ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంత వరకు ఎండబెట్టి, మళ్లీ తూస్తారు. 92 గ్రాములు వస్తే తేమ 8 శాతం. దీన్నే అసలు కొలతగా పెట్టుకుని మిగతావాటిని సరిచూస్తారు. కానీ ఫలితానికి గంటలు పడుతుంది, ట్రాక్టరు గేటు దగ్గర అంతసేపు ఆగదు.

సంతకమైన ప్రమాణాలు ఇవి: ఫలితం రెండు నిమిషాల్లో రావాలి, అంకె రైతుకు కనపడాలి, ఓవెన్‌తో తేడా అరశాతం దాటకూడదు, గేటు దగ్గర పనిచేసే ఎవరైనా వాడగలగాలి. ఈ నాలుగూ తప్పనిసరి. ధర, సర్వీసు, బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది అన్నవి ఆ తర్వాత. తప్పనిసరివి, ఉంటే మంచివి అని రెండుగా విడగొట్టకపోతే చవకది ఒకటి వచ్చి అన్నిటినీ దాటుకుని ముందు కూర్చుంటుంది.

తర్వాత ఒక సేల్స్ అబ్బాయి పెద్ద మెషిన్‌తో వచ్చాడు. స్క్రీను, ప్రింటరు అన్నీ ఉన్నాయి. ఓనరుగారికి బాగా నచ్చింది. అది ఒలిచిన పప్పుకే తేమ చెప్తుంది, కాయకు సెట్టింగ్ లేదు. ప్రతి శాంపిల్‌నూ ఒలిచి తూచి పోయాలి, రెండు నిమిషాల్లో అయ్యే పని కాదు. నేను వాదించాల్సిన అవసరమే రాలేదు. సంతకం పెట్టిన కాగితం టేబుల్ మీద ఉంది, ఆయనే చదువుకుని "ఇది మన లెక్కకు రాదులే" అన్నారు. చివరికి కాయకు వేరే సెట్టింగ్ ఉన్న చేతి మీటర్, వారానికోసారి ఓవెన్‌తో సరిచూడటం అని సిఫార్సు చేశాను. అదే నడుస్తోంది. అలాంటి మీటర్లు పంట మారినా, వేడి మారినా అంకె మారుస్తాయి కాబట్టి ఆ సరిచూడటం మానకూడదు.

సమస్య భాగం గురించి కొంచెం. చదివింది అంతా ఇందులో పెట్టాలనిపిస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, దాణాలో కలిపిన వేరుశనగ పిండి వల్లనే అని తేలి, అక్కడి నుంచే అఫ్లటాక్సిన్ బయటపడింది. నాకు ఈ కథ ఎంతో ఇష్టం, అయినా ప్రపోజల్‌లో ఒక్క లైనుకు మించి పెట్టలేదు. యూరప్ దేశాలు నేరుగా తినే వేరుశనగలో మొత్తం అఫ్లటాక్సిన్ కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదంటాయన్న వాక్యం మాత్రం ఉంచాను. ఎగుమతిదారులకు అమ్మే ఓనరు దాని దగ్గర తప్పకుండా ఆగుతారు.

ఇక లోపాలు. షెడ్యూల్ భాగం మా లాంటి సీజన్ పనులకు సరిగా కుదరదు. మూడు వారాలు అని రాస్తాం, మధ్యలో లోడింగ్ వస్తే హమాలీల నుంచి గుమాస్తా దాకా ఎవరూ దొరకరు. ఖర్చు భాగంలో అందరూ శాంపిల్, ల్యాబు ఫీజు రాస్తారు గానీ మనుషుల సమయం రాయరు. అది కూడా రాయండి, లేకపోతే మన పనంతా ఉత్తినే అయిపోతుందని పైవాళ్లు అనుకుంటారు. ఈ నమూనాలో ఇంకో పెద్ద కొరత, రేపు దాన్ని ఎవరు నడుపుతారు అని రాయడానికి చోటు లేకపోవడం. నేను ఒక పేరా చేర్చుకున్నాను. ఫ్యాను, కుర్చీ లాంటివాటికి ఇదంతా దండగ, నోటితో అడిగితే సరిపోతుంది.

తెలుగులో రాయడం నా సొంత అలవాటు. ఇంగ్లీషులో ఉంటే ఓనరుగారు ఒక్కరే చదువుతారు. తెలుగులో ఉంటే గేటు దగ్గరివాళ్లూ చదివి "ఇది ఇక్కడ జరగదు సార్" అని ముందే చెప్తారు. ఆ మాట రిపోర్టు పూర్తయ్యాక కాకుండా ప్రపోజల్ దగ్గరే వినపడితే ఎంతో పని తప్పుతుంది.

కలర్ సార్టర్ కోసం రాసినదాంట్లో సిఫార్సు "ఇప్పుడు వద్దు" అని తేలింది. పప్పులో రంగు మారినవి వేరుచేసే మెషిన్ అది. మా సరుకు దానికి చాలదు. ఇలా వద్దనే జవాబు రావచ్చని ప్రపోజల్‌లోనే రాసి ఉండటంతో ఎవరూ ముఖం మాడ్చుకోలేదు.

నా రేటింగ్ ఐదుకు నాలుగు. సంతకం పెట్టేవాళ్లు కాగితం చదివే అలవాటున్న చోట తప్పకుండా వాడొచ్చు. అంతా నోటిమాట మీద నడిచే చోటయితే కనీసం ప్రమాణాల పేజీ ఒక్కటి రాసి చూపించండి. మా వైపు మిల్లుల్లో పనిచేసేవాళ్లయితే ఆగస్టులోనే ఇచ్చేయండి. కాయ రావడం మొదలైతే కార్తీకం దాటేదాకా ఆ కాగితం తీసి చూసే తీరిక ఎవరికీ ఉండదు.