పెళ్లి పత్రికల కాగితం మీద బొగ్గు గీతలు

బరంపురంలో బడా బజారు వైపున్న ఒక స్టేషనరీ దుకాణంలో చేతితో చేసిన కాగితం అడిగితే, "పెళ్లి పత్రికలకా అమ్మా?" అన్నారు దుకాణదారు. బొమ్మలకు అన్నాను. లోపలినుంచి ఏ3 సైజు కట్ట తెచ్చి పెట్టారు. నూలు గుడ్డ ముక్కల గుజ్జుతో చేసినది, 200 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకు 200 గ్రాములు), పది షీట్లు 380 రూపాయలు. కట్ట విప్పి చూస్తానంటే ఒప్పుకోలేదు. అలాగే కొని పర్లాకిమిడి బస్సెక్కాను.

నేను బంగారు దుకాణంలో లెక్కలు రాస్తాను. కాటా చేతికి అందుబాటులోనే ఉంటుంది కాబట్టి షీట్లను ఒక్కొక్కటిగా తూచాను. 200 జీఎస్ఎం లెక్కన ఏ3 షీటు దాదాపు 25 గ్రాములుండాలి. ఒకటి 22 తూగింది, ఒకటి 29. గుజ్జు తొట్టిలో జల్లెడ ముంచి తీసే మనిషి చేతిలో వచ్చే తేడా అది. దాన్ని తప్పు పట్టను. బరువైనవి పెద్ద బొమ్మలకు దాచుకున్నాను.

మూడు షీట్లలో పూలరేకులు, గడ్డిపోచలు కలిసి ఉండటం మాత్రం తప్పే. శుభలేఖకు అందం కావచ్చు. అమ్మమ్మ ముఖం గీస్తుంటే బొగ్గు గడ్డిపోచ ఎక్కి దిగిన చోట చెంప మీద తెల్లని గాటు పడింది. రెండు గంటల పని పోయింది.

మిగతా ఏడు షీట్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒకవైపు జల్లెడ గుర్తులు, రెండోవైపు తడి కాగితాన్ని పరిచిన గుడ్డ నేత అచ్చు. నేను గుడ్డవైపునే గీస్తాను. విల్లో చెట్టు కొమ్మల బొగ్గుకడ్డీని పడుకోబెట్టి ఒకసారి లాగితే ఎత్తుల మీద నలుపు నిలుస్తుంది, పల్లాల్లో తెలుపు మిగులుతుంది. మహేంద్రతనయ నది ఒడ్డున సాయంత్రం తడిరాళ్లు అచ్చం అలాగే కనిపిస్తాయి. నీడ చిక్కనైన చోట, బొగ్గుపొడిని జిగురుతో అదిమి చేసిన కంప్రెస్డ్ చార్కోల్ వాడాను. గజపతుల కోట కమానుల లోపలి చీకటి నాకు నున్నని డ్రాయింగ్ షీటు మీద ఇంతవరకూ ఇంత లోతుగా కుదరలేదు.

కానీ ఈ కాగితం తుడపనివ్వదు. అంచు మీద నీటిచుక్క వేసి చూశాను, క్షణంలో ఇంకిపోయింది. తడి ఇంకకుండా వేసే గంజి గానీ జిలటిన్ గానీ పూత సరిగా పట్టలేదన్నమాట. అలాంటి కాగితాన్ని రబ్బరుతో రుద్దితే నూగు లేస్తుంది. మళ్లీ గీసినప్పుడు ఆ నూగు అంతకు ముందుకన్నా ఎక్కువ నలుపు పట్టుకుంటుంది. పిండిలా నలిగే రబ్బరును మెల్లగా అద్ది ఎత్తితే కొంత పోతుంది, అది కూడా విల్లో బొగ్గయితేనే. వెలుగును చివర్లో తుడిచి తెచ్చుకోవడం నా పాత అలవాటు. రెండు షీట్లు పాడయ్యాక అది మానేశాను. ఇప్పుడు వెలుగు పడే చోటును ముందే గుర్తుపెట్టుకుని, అక్కడికి కడ్డీని పోనివ్వను. రాతి నెత్తిన మెరుపు ముట్టుకోని కాగితమే. చెయ్యి నెమ్మదించింది, చూపు పదునెక్కింది.

వానాకాలంలో షీట్లు చెమ్మ పీల్చి మెత్తబడతాయి, బొగ్గు ముద్దలా అంటుతుంది. బియ్యం డబ్బా పక్కన ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెడుతున్నాను. బొగ్గు రాలకుండా పట్టి ఉంచే స్ప్రే, ఫిక్సటివ్, అడుగు దూరం నుంచి పలచగా రెండు మూడు విడతలుగా కొట్టాలి. ఒక్కసారే తడిపితే మరక పడుతుంది.

కొత్తగా చార్కోల్ పట్టినవారికి ఈ కాగితం ఇవ్వమనను. మామూలు కాగితం మీద తప్పులు చేసి, తుడిచి, చెయ్యి కుదిరాక రావాలి. నేను మాత్రం వచ్చే నెల జీతం రాగానే మళ్లీ బరంపురం వెళతాను. ఈసారి కట్ట విప్పి, పూలరేకులు లేని షీట్లు ఏరుకోనిస్తేనే డబ్బిస్తాను.